గడప రాయి బంగారి

ఊఁ కొడతారా? కొడితేనే చెప్తాను. లేకపోతే నాకు నోరు నొప్పి తప్ప ఏం లాభం?

అనగా అనగా, మీ తాతకి తాత కూడా పుట్టని కాలంలో, సముద్రం పక్కన చినరేవు అని ఒక ఊరు. ఆ ఊరికి వలందా దేశం నుంచి, అదే హాలెండు నుంచి, ఓడల్లో దొరలొచ్చారు. బట్టలు కొన్నారు, మేడలు కట్టారు, చివరికి ఒక చర్చి కట్టారు. ఆ చర్చికి నేల ఏమిటో తెలుసా? సమాధులే! ఈ గోడ నుంచి ఆ గోడదాకా పెద్ద పెద్ద నల్లరాతి పలకలు, ఇంటికో పలక. తండ్రి పోతే పలక ఎత్తి కింద పెట్టేవారు. తల్లి పోతే మళ్ళీ అదే పలక. కొడుకు పోతే మళ్ళీ అదే. బతికున్నన్నాళ్ళూ ఆ పలక మీదే కుర్చీ వేసుకుని ఆదివారం పాటలు పాడేవారు. పైన కూర్చోవడం, కింద పడుకోవడం, అంతా ఒక్క చోటే. ఎంత పొదుపో చూడండి!

ఆ నేల కడిగే మనిషి బంగారి. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. చర్చి గోడకి ఆనుకుని ఒక తాటాకుల పాక, అంతే. శనివారం వచ్చిందంటే కుర్చీలు పక్కకి లాగి, ఇసకా కొబ్బరిపీచూ పుచ్చుకుని, అంట్లు తోమినట్టు పలకలు తోమేది. నీళ్ళు పోసేముందు లోపలున్న వాళ్ళని పేరుపేరునా పిలిచేది.

"పీటరు బాబూ, కళ్ళు మూసుకో, నీళ్ళు పోస్తన్నాను. మార్గరీతమ్మా, నువ్వూ మూసుకో."

ఆవిడకి చదువు రాదు. ఆ పేర్లు అత్త చెప్పింది. అత్తకి వాళ్ళత్త చెప్పింది.

తోమింది, తోమింది, తోమింది. ముప్ఫై ఏళ్ళు తోమింది. పలకలు తళతళా మెరిశాయి. మెరిశాయి గానీ, ఒక్కదాని మీదా ఒక్క అక్షరం మిగల్లేదు!

దొరలెవరూ చూసుకోలేదు. వాళ్ళ గోల వాళ్ళది. ముందు వరసలో కూర్చుంటే గొప్ప, వెనక వరసంటే నామోషీ. అందుకని ప్రతి దొరసానీ ఏడాదికో జానెడు తన కుర్చీ ముందుకి జరిపేది. అందరూ అదే పని. చివరికి ముందు వరసలో మోకాళ్ళు మోకాళ్ళు రాసుకుంటున్నాయి, గుమ్మం దగ్గర పలకల మీద పిల్లులు పడుకుంటున్నాయి.

ఇలా ఉండగా మండువేసవిలో లూబర్టు దొర పోయాడు. భారీ మనిషి. పెట్టె తెచ్చి చర్చిలో దింపారు. గునపాలు పట్టుకుని ఆరుగురు నిలబడ్డారు.

"ఏ పలక ఎత్తాలి బాబూ?" అన్నారు.

పాదిరి దొర వంగి చూశాడు. అక్షరం లేదు. పరుగెత్తుకెళ్ళి పాత పుస్తకం తెచ్చాడు. అట్ట తప్ప అంతా చెదలు తినేసింది. పాదిరి ముఖం కందిపోయింది.

"పలకల మీద అక్షరాలు ఎవరు చెరిపారు?"

అందరూ బంగారి వైపు తిరిగారు.

"నేనే బాబూ. మకిలనుకున్నాను. ఆ గాడుల్లో మట్టి దూరితే రాదు. వచ్చేదాకా తోమాను."

"పొద్దుగూకేలోగా నీ పాక ఖాళీ చెయ్యి!"

బంగారి లోలోపల అనుకుంది. పాక పోతే పోనీ, ఏ చెట్టు కిందో పడుంటాను. కానీ శనివారం వచ్చి వీళ్ళని పేరు పెట్టి పిలిచేదెవరు? అది తలుచుకునేసరికి ఆవిడకి ఏడుపు ఆగలేదు.

"బాబూ, అచ్చరాలు పోయాయి గానీ మనుసులు పోలేదు. ఎవరెక్కడున్నారో నేను సెప్తాను."

"నీ మొహం!" అంది లూబర్టు దొరసాని. "మా పలక నాకు తెలీదా? ముందు వరస, ఇదిగో, నా కుర్చీ కింద."

హైలెస్సా అని ఎత్తారు. లోపల పెట్టె మీద ఇత్తడి రేకు. రేకు మీద పేరు. అది వేరే వాళ్ళ నానమ్మ!

"మార్గరీతమ్మా, ఏం లేదు, పడుకో" అంది బంగారి. మూసేశారు.

పాదిరి దొర వేళ్ళు మడిచి, గోడలు కొలిచి, మూడో వరసలో ఒక పలక చూపించాడు. హైలెస్సా అని ఎత్తారు. లోపల ఓడ నడిపిన పీటరు!

"పీటరు బాబూ, ఏం లేదు, పడుకో" అంది బంగారి. మూసేశారు.

ఎండ ముదిరింది. గునపాల వాళ్ళు చెమటలో తడిసిపోయారు. జనం ముక్కులు మూసుకున్నారు. లూబర్టు దొర ఇంక ఆగేట్టు లేడు.

"సరే, చెప్పు" అన్నాడు పాదిరి. "ఇదీ తప్పయితే పాక కాదు, ఊరే ఖాళీ చెయ్యాలి."

బంగారి లేచింది. ముందు వరస దాటింది, మధ్య వరస దాటింది, చివరి వరసకొచ్చింది. గుమ్మం పక్క పలక మీద పిల్లిని అదిలించింది.

"ఇదే బాబూ."

"అబద్ధం!" దొరసాని కేకలు. "చెప్పులు విడిచే చోట మా పెద్దలా?"

హైలెస్సా అని ఎత్తారు. ఇత్తడి రేకు తుడిచి పాదిరి చదివాడు. లూబర్టు తండ్రి. పక్కన లూబర్టు తల్లి.

దొరసాని ఉన్నచోటే కూలబడింది. బంగారి పక్కన చతికిలబడి మెల్లగా అంది.

"నువ్వు ఏడాదికో జానెడు జరిగావమ్మా. ఆళ్ళు జరగలేదు."

అంతే, ముందు వరసలో ఉన్న దొరసానులందరూ తలలు దించుకున్నారు. ఒక్కో కుర్చీ కిర్రుకిర్రుమంటూ వెనక్కి నడిచింది. పాదిరి దొర బంగారిని వెళ్ళమనలేదు సరికదా, పక్కన నిలబెట్టుకుని పేర్లు చెప్పించాడు. ఆవిడ చెప్తూంటే రాళ్ళు చెక్కేవాళ్ళు పలకలన్నిటి మీదా మళ్ళీ చెక్కారు.

"ఇకమీదట తడిగుడ్డతో తుడువు బంగారీ, ఇసక ముట్టుకోకు" అని పాదిరి బతిమాలాడు.

"అలాగే బాబూ" అంది.

శనివారం వచ్చింది. ఇసక తెచ్చింది. గుడ్డతో తుడిస్తే అదీ ఒక కడగడమేనా?

ఏళ్ళు గడిచాయి. బంగారి మంచం పట్టింది. ముసలి పాదిరి పాకలోకి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నీకూ ఒక పలక వేయిస్తానే. ఎక్కడ కావాలి?"

"గడప కింద ఎయ్యండి బాబూ. అక్కడైతే ఎవరూ కుర్చీ ఎయ్యరు."

"పేరు పెద్దక్షరాలతో చెక్కిస్తాను."

"వద్దు బాబూ, నీకు పున్నెముంటది! గాడుల్లో మట్టి దూరితే తోమేవాళ్ళు చచ్చిపోతారు."

బంగారి పోయాక అలాగే చేశారు. ఆ తర్వాత నేల కడగడానికొచ్చిన వాళ్ళకి ముందే పని నేర్పి పోయింది ఎవరనుకున్నారు? బంగారే. ఇంకేముంది, ఇసకే! ఇవాళ ఆ చర్చిలో ఒక్క పలక మీదా పేరు లేదు. ఏది ఏ దొరదో ఎవరూ చెప్పలేరు. గడప రాయి ఎవరిదో మాత్రం చినరేవులో ఉగ్గుపాల పిల్లని అడిగినా చెప్తుంది.

అందుకే అక్కడ ఎవరికైనా పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతే, "పో, బంగారిని అడుగు" అంటారు. శనివారం చర్చికొచ్చేవాళ్ళు గడప మీద చెంబుడు నీళ్ళు పోసి, తమ ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు మూడు పైకి చెప్పి లోపలికి వెళ్తారు. రెండో పేరు, మూడో పేరు ఎవరింటివి వాళ్ళవి. మొదటి పేరు అందరికీ బంగారే.