తోలు కాసు

మధ్యాహ్నం దాటింది, ముసురు పట్టి ఉంది. ఉప్పు అమ్మే గవరమ్మ తడిసిన చీరతోనే కొలువుకు వచ్చింది. ఆమె భర్తనీ ఇద్దరు కొడుకులనీ పొద్దున్నే భటులు ఖైదులో వేశారు.

ఖజానాలో బంగారం తరిగిపోయి రాజు తోలు కాసులు వేయించాడు. తోలు కాసు బంగారు కాసుతో సమానమని, పుచ్చుకోనివాడికి ఖైదని చాటించాడు. వీళ్లు పుచ్చుకోలేదు.

"ఎందుకు వద్దన్నారు?" కోశాధికారి గద్దించాడు.

"ఉప్పు చెమ్మకి తోలు మెత్తబడిపోతోంది బాబూ. మొన్న మా కుక్క కాసు మీది రాజముద్రని నమిలేసింది."

రాజు నవ్వు ఆపుకున్నాడు. కోశాధికారి ఆపుకోవలసింది కోపం.

"మనిషికి ఒక కాసు జరిమానా. కట్టి తీసుకుపో."

గవరమ్మ కొంగుముడి విప్పి మూడు తోలు కాసులు పెట్టింది. కోశాధికారి వాటిని వేలికొసతో వెనక్కి నెట్టాడు.

"ఇవి కాదు. ఖజానాకి బంగారమే కట్టాలి."

గవరమ్మ రాజుకి దణ్ణం పెట్టింది.

"మావాళ్లూ ఇవి వద్దనే అన్నారు మహారాజా. ఈ బాబుగారిని కూడా ఆ ఖైదు గదిలోనే పెడతారా? అది ముగ్గురికే ఇరుకు."

రాజు కోశాధికారి వైపు తిరిగాడు. ఆయన గబగబా మూడు కాసులూ తీసుకుని కళ్లకద్దుకున్నాడు.

దీపాలవేళకి గవరమ్మ గుమ్మంలో నిలబడి లెక్కపెట్టుకుంది. మొగుడు వచ్చాడు. పెద్దాడు వచ్చాడు. చిన్నాడు తుమ్ముతూ వచ్చాడు. అప్పుడు మంచం కిందికి వంగి చూసింది. రాజముద్ర మింగిన కుక్క అక్కడే ఉంది.

నలుగురూ ఉన్నారు. తలుపు వేసింది.