నాటు వేళ్ళ మీద సీమ దర్జా

చింతలగిరి సంస్థానాన్ని ఏలే భుజంగరాయలకు ఒకనాడు పొద్దున్నే తోటలో తిరుగుతుండగా ఒక సందేహం పుట్టింది. రాజుకు సందేహం పుడితే కొలువులో పదిమందికి పని పడ్డట్టే.

"రెండూ గులాబీలే కదా! ఒకదాన్ని సీమ గులాబి అంటున్నారు, ఇంకోదాన్ని నాటు గులాబి అంటున్నారు. ఈ నాటు అన్న మాటకు అర్థం ఏమిటి? సరిగ్గా చెప్పినవాడికి నా చేతి కంకణం ఇస్తాను."

తోట అధికారి మార్తాండశాస్త్రి అందరినీ తోసుకుని ముందుకొచ్చాడు. రెండేళ్ళు కలకత్తాలో ఉండి, పెట్టెడు బట్టలతో, బండెడు గొప్పలతో తిరిగొచ్చిన మనిషి. పేరుకు తోట అధికారేగానీ ఆయన గోళ్ళలో మట్టి చూసినవాడు లేడు. గొడుగు పట్టడానికి ఒకడు, చెప్పులు తుడవడానికి ఒకడు వెంట లేనిదే తోటలో అడుగు పెట్టడు.

"నాటు అంటే మోటు, మహాప్రభూ! పువ్వు చూస్తే పిడికెడు, ముళ్ళు చూస్తే బోలెడు. మధ్యాహ్నానికి రేకులు రాలిపోతాయి. ఊళ్ళో ఆడవాళ్ళు జడలో గుచ్చుకోవడానికి తప్ప ఎందుకూ కొరగాదు. నా సీమ గులాబి చూడండి, పళ్ళెమంత!"

కొండుభొట్లుకు ఒళ్ళు మండింది. కొలువుకు వచ్చేవాళ్ళ మీద పన్నీరు చల్లడం అతని ఉద్యోగం. తాత కాలం నుంచి ఇంట్లో అదే పని. ఆ పన్నీరుకు రోజూ మంచు ఆరకముందే నాటు గులాబీలు తనే స్వయంగా కోసుకొస్తాడు. పళ్ళెమంత పువ్వును ముక్కుకు ఆనించి పీల్చినా కాస్త వాసనైనా తగిలితేనా!

"శాస్త్రిగారూ, నాటు ఆవు నెయ్యి అంటే తమరు ఇంకో గరిటె వేయించుకుంటారే! చిక్కుడుకాయ నాటుది కాకపోతే విస్తరి జరిపేస్తారే! పువ్వు దగ్గరికొచ్చేసరికే ఆ మాట మోటయిందా?"

"నెయ్యి వేరు, నాగరికత వేరు" అన్నాడు శాస్త్రి, ఏదో శ్లోకం చెప్పినంత గంభీరంగా. "ప్రభూ, దొరలు వచ్చి చూస్తే మన పరువేం కావాలి? నాటు అన్నది ఈ తోటలో వేరుతో సహా ఉండకూడదు. పన్నీరంటారా, కావాలంటే అత్తరులకు పేరుపడ్డ కన్నోజు నుంచి సీసాల్లో తెప్పిద్దాం. ఈ చల్లేవాడి జీతమూ మిగులుతుంది."

దొరల మాట ఎత్తితే రాయలవారు ఇట్టే పడిపోతారు. "సరే, అలాగే కానీండి. నాటు వేరు ఒక్కటి కూడా మిగలకూడదు" అనేశారు.

కొండుభొట్లు మూడు తరాల ఉద్యోగం ఒక్క మాటతో పోయింది. అతను చేతులు కట్టుకుని అడిగాడు.

"ఆ పీకే పనేదో నాకే ఇప్పించండి ప్రభూ. రోజూ నా చేత్తో తాకిన మొక్కలు."

"తన గొయ్యి తనే తవ్వుకుంటాడట, తవ్వుకోనీండి" అని శాస్త్రి పకపకా నవ్వాడు.

రాయలవారు మండపంలో కూర్చుని చూస్తున్నారు. కొండుభొట్లు తోటమాలి పోలయ్యను వెంటబెట్టుకుని, గునపం భుజాన వేసుకుని, నాటు గులాబీల వైపు కన్నెత్తి కూడా చూడకుండా నేరుగా సీమ గులాబీల మడిలోకి దిగాడు. అన్నిటికంటే పెద్ద పువ్వు పూసిన మొక్క మొదట్లో గునపం దించాడు.

శాస్త్రి గొడుగు సంగతి మరిచిపోయి ఎండలో పరుగెత్తుకొచ్చాడు. పంచె ముళ్ళకు చిక్కి పర్రున చిరిగింది.

"ఓరి మూర్ఖుడా! సీమ గులాబిని పీకుతావా?"

కొండుభొట్లు తాపీగా తలెత్తాడు.

"దాని జోలికి నేను పోలేదండీ. కిందున్న నాటును పీకుతున్నాను, పైనున్న మీది మీరు పట్టుకోండి!"

శాస్త్రికి ఏమీ అర్థం కాలేదు. రాయలవారు లేచి వచ్చారు. కొండుభొట్లు మొక్క మొదట్లో మట్టి తుడిచి, కాండం మీద బొడిపెలా ఉబ్బిన చోటు చూపించాడు. దాని కింద నుంచి ఒక చిగురు పొడుచుకొచ్చింది. సన్నటి ఆకు, ఒత్తుగా ముళ్ళు. ఎవరు చూసినా నాటు గులాబే అంటారు.

"ఏమిటిది పోలయ్యా?" అన్నారు రాయలవారు.

"అంటు కట్టానండి బాబూ. శాస్త్రిగారు తెచ్చిన సీమ కొమ్మలు మన మట్టిలో నాటితే నాటినట్టే ఎండిపోయాయి. నాటు మొక్కకు గాటు పెట్టి, సీమ కొమ్మ మీద చిగురు పుట్టే కన్ను తీసి అతికించి, అరటినారతో కట్టాను. అప్పుడు గానీ బతకలేదు. ఈ మడిలో అన్నీ అంతేనండి."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాడు శాస్త్రి.

"ఇదంతా తమరి మడిలోనే కదండీ జరిగింది. ఒక్కసారైనా వంగి చూశారా?" అన్నాడు పోలయ్య.

రాయలవారికి నవ్వు ఆగలేదు. "మొక్క మొదలుకు మళ్ళీ మట్టి కప్పు పోలయ్యా, ఎండిపోతుంది. నాటు మొక్క ఒక్కటి కూడా కదలడానికి వీల్లేదు. ఏమోయ్ కొండుభొట్లూ, మా ప్రశ్న ఇంకా అలాగే ఉంది. నాటు అంటే అర్థం ఏమిటి?"

"తన పువ్వు తను పూస్తూ, చేతగానివాళ్ళ పువ్వును కూడా మోసేది, ప్రభూ!"

రాయలవారు కడుపు పట్టుకుని నవ్వుతూ కంకణం తీసి కొండుభొట్లు చేతికి తొడిగారు. పోలయ్యకు అక్కడికక్కడే జీతం రెట్టింపయింది. పరివారమంతా విరగబడి నవ్వింది. చిరిగిన పంచె ఒక చేత్తో పట్టుకుని మార్తాండశాస్త్రి కూడా నవ్వాడు. ప్రభువు నవ్వుతుంటే నవ్వకుండా నిలబడటం కొలువులో కుదరదు మరి!