తూర్పు వాకిలి గుడారము

అనగనగా ఒక రాజు. ఆయన పేరు ఆదిత్యకేతుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు: జయకేతుడు, ధర్మకేతుడు, ప్రభాకేతుడు. వారిది సూర్యవంశము. వారి ఇంట ఏ వాకిలియైనను తూర్పునకే తెరువవలెను. వేటకు పోయి అడవిలో గుడారము వేసినను దాని వాకిలి తూర్పుననే ఉండవలెను. అది తాతల నాటి ఆచారము, మీరినవాడు లేడు.

ఆ రాజ్యమున మూడేండ్లు చినుకు పడలేదు. ఏలయనగా, ఏడు సముద్రముల కావల ఏడుగాలుల కొండమీద ఘూర్ణుడను మాంత్రికుడు మేఘములనన్నింటిని పట్టి తెచ్చి, పశువులను కట్టుకొయ్యలకు కట్టినట్లు శిఖరమునకు కట్టివేసెను. వాని ప్రాణము ఆ శిఖరముననే ఒక చిలుకలో ఉండెను. కొండ ఎక్కినవాడు మూడవనాటి ప్రొద్దు గ్రుంకులోగా ఆ చిలుకను చేరవలెను. చేరనిచో రాయి యగును.

జయకేతుడు వెళ్లెను, రాలేదు. ధర్మకేతుడు వెళ్లెను, రాలేదు. నెఱ్ఱెలు విచ్చిన పొలముల నడుమనుండి ప్రభాకేతుడు బయలుదేరెను. తల్లి పొమ్మనలేదు, వలదనలేదు; మొగము త్రిప్పుకొని నిలుచుండెను.

ఏడు సముద్రములు దాటుట సులభమే. కొండ సులభము కాదు. అచట వాన పైనుండి పడదు. ప్రక్కనుండి వచ్చి చెంపమీద కొట్టును.

మొదటి సాయంత్రము ప్రభాకేతుడు చదునైన చోట మేకులు దిగగొట్టి, వాకిలి తూర్పునకు పెట్టి గుడారము వేసెను. గాలి తూర్పునుండి వచ్చి, వాకిట దూరి, గుడారమును కొలిమితిత్తివలె ఉబ్బించి, పెరికి, లోయలో పారవేసెను. అటుకుల మూటయు దానితోనే పోయెను.

పైచరియనుండి ఒక కొండమేక తొంగిచూచెను.

"ఏమయ్యా రాజకుమారా, గాలిని విందుకు పిలిచావా? వాకిలి బార్లా తెరిచి పెట్టావు!"

"ఇది మా వంశాచారం. మేకకేం తెలుస్తుంది?"

"నిజమే బాబూ. మేకలకు వంశాచారాలు లేవు. అందుకే ఇంకా బతికి ఉన్నాం."

రెండవ సాయంత్రము అతడు కంబళిని ఈటెకు కట్టి చాటు చేసికొనెను. వాకిలి తూర్పునకే. వాన నిప్పును ఆర్పెను, కంబళిని చింపెను, చెకుముకిరాయిని ఈడ్చుకొనిపోయెను. పండ్లు టకటక కొట్టుకొనుచుండగా అతడు తెల్లవారువరకు ముడుచుకొని కూర్చుండెను. వ్రేళ్లు వంగుట మానెను. ఆకలియు చచ్చెను.

మూడవనాటి మధ్యాహ్నము అన్నలు కనబడిరి.

ఇద్దరును రాళ్లు. తూర్పు మొగమై కూర్చున్న రాళ్లు. వెనుక వచ్చిన ధర్మకేతుడు ముందు వచ్చినవానిని చూచి, ఇక కదలలేక ప్రక్కనే కూలబడినట్లున్నాడు. వాని రాతిచేయి అన్న భుజముమీద ఉండెను. జయకేతుని శిల పిడుగు పడి రెండుగా చీలియుండెను.

ప్రభాకేతుడు వారి ప్రక్కన కూర్చుండెను. మేక దిగివచ్చి కొమ్ములతో పొడిచెను.

"లేవయ్యా. వరుస బాగుంది కానీ, మూడో రాయికి చోటు లేదు."

"లేవలేను. ఇంటికి ఏ మొగం పెట్టుకుని పోను?"

"మొగం సంగతి తరవాత. ముందు తూర్పుకు వీపు పెట్టు. పడమటి చరియ పట్టుకుని ఎక్కు."

"సూర్యుడికి వీపు పెట్టమంటావా?"

"సూర్యుడు ఇప్పుడు పడమరనే ఉన్నాడురా, వెర్రివాడా! మబ్బు చాటున."

ప్రభాకేతుడు ఏడ్చెను. ఏడ్చుచునే వీపు త్రిప్పెను. పడమటి చరియలో గాలి లేదు. మూడు దినములలో మొదటిసారిగా తన ఊపిరి తనకు వినబడెను. మేక కాలు మోపిన చోటనే కాలు మోపుచు, ప్రొద్దు గ్రుంకుటకు కొంచెము ముందు శిఖరము చేరెను.

రాతిగూటిలో చిలుక వణకుచుండెను. ప్రభాకేతుడు దానిని తీసెను. మెడ నులుముదమన్న వ్రేళ్లు వంగలేదు. మబ్బులోనుండి ఘూర్ణుడు గర్జించెను.

"వదలరా! లోయలోకి విసిరేస్తా!"

గాలి పదింతలయ్యెను. ప్రభాకేతుడు బండను కరచుకొని, చిలుక ఉన్న అరచేతిని గాలివానలోనికి చాచెను.

"ఘూర్ణుడా! ఈ గాలి నీది. ఈ వాన నీది. ఈ చిలుకా నీదే. దీన్ని చంపే ఓపిక నాకు లేదు, నువ్వే చంపుకో."

"లోపల పెట్టరా! చలికి చస్తుంది!"

"గాలి ఆపు."

"ఆపితే మేఘాలు తెంచుకుపోతాయి!"

"అయితే ఆపకు."

చిలుక కన్ను మూతపడుచుండెను. ఘూర్ణుడు గాలిని ఆపెను. తక్షణమే మేఘములు పలుపులు తెంచుకొన్న దూడలవలె సముద్రములమీదుగా పరుగెత్తెను. కాని ఆలస్యమయ్యెను. చిలుక ఒక్కసారి రెక్క విదిల్చి, ఆ అరచేతనే ప్రాణము విడిచెను. నానిన మట్టిగోడవలె ఘూర్ణుడు కూలెను.

మేక నిలిచిన చోట ఒక కన్య నిలిచియుండెను. ఆమె కొండరేని కూతురు గురివింద. మాంత్రికుని జడలు చూచి నవ్వినందుకు మేకయైనది.

ఇద్దరును క్రిందికి పరుగెత్తిరి. ధర్మకేతుడు కన్నులు తెరచి, తన చేతిక్రింది భుజమును కదపుచుండెను.

"అన్నయ్యా, లే. అన్నయ్యా, వాన తగ్గింది, లే. అన్నయ్యా!"

చీలిన రాయి లేవలేదు.

వారు తిరిగివచ్చుసరికి రాజ్యమున వాన కురియుచుండెను. ప్రజలు బురదలో ఆడుచు పాడుచుండిరి. కోటగుమ్మమున తల్లి ఇద్దరిని కౌగిలించుకొని, వారి వెనుక త్రోవను చాలసేపు చూచెను.

గాలి చప్పుడు విన్నంతనే వణకు ధర్మకేతుడు కిరీటము వలదనెను. ప్రభాకేతుడు గురివిందను పెండ్లాడి అరువదేండ్లు రాజ్యమేలెను. చెరువులు నిండెను, గాదెలు నిండెను. ఏటేట తొలకరి చినుకు పడగానే రైతులు నాగలి పూన్చుచు, "జయకేతుడు వచ్చాడు" అని ఒకరికొకరు చెప్పుకొనెడివారు.

తల్లి మాత్రము బ్రతికినన్నాళ్లు ఆ మాట అనలేదు. వాన వచ్చినదనియే అనెను.