బేరపు పటంలో మహారాజు

ఒకానొక రాజ్యంలో, మణిగిరి అనే నగరంలో, పొణికి అనే తేలికపాటి కర్రతో బొమ్మలు చెక్కి బ్రతికే వీధి ఒకటి ఉండేది. వర్తకులు కోరిన రంగులో, కోరిన అలంకారంతో బొమ్మలు చేసి ఇవ్వడం అక్కడివారి వృత్తి. అందుకై ఏటేటా తిరునాళ్లకు ముందు వారు ఒక గుడ్డమీద బేరపు పటం వ్రాయించేవారు. ప్రతి బొమ్మనూ అసలు కొలతలోనే చిత్రించి, ప్రక్కన దాని వెల, కనీసం ఎన్ని కొనవలెనో, చేయడానికి ఎంతకాలం పట్టునో తెలిపేవారు. దూరదేశపు అంగళ్లవారు పటంపై అరచేయి ఆనించి, కొలత చూసుకొని, నచ్చిన బొమ్మకు కొంటామన్న గుర్తుగా సున్నపుబొట్టు పెట్టేవారు. బొట్టు పడితే ఆ యేడు వీధికి అన్నం; పడకపోతే లేదు.

ఒక యేడు మహారాజు విజయకేతనుడు ఆ పటాన్ని తెప్పించుకొని చూశాడు.

"ఇందులో ఏనుగున్నది, ఎద్దున్నది, కోతినాడించేవాడున్నాడు. మేము లేమేమి?" అని గద్దించాడు.

వెంటనే ఆజ్ఞ వెలువడింది. పటం నిండా మహారాజు నిలువెత్తు రూపం, దాని చుట్టూ ఆయన బిరుదులు ఉండాలి. తక్కిన బొమ్మలేవీ ఆయన పాదాలను మించి ఎత్తుగా ఉండరాదు.

చిత్రకారులు కన్నీళ్లు తుడుచుకొంటూనే వ్రాశారు. ఏనుగు గోరంత అయింది. వెలలకు చోటే మిగలలేదు.

వర్తకులు వచ్చి అరచేయి ఆనించారు.

"ఇంత చిన్న ఏనుగైతే పిల్లవాడు మింగుతాడయ్యా!" అన్నాడొకడు.

"వెల ఏదీ? బిరుదులను అంగట్లో వ్రేలాడదీసుకొమ్మంటారా?" అన్నాడు మరొకడు.

అందరూ బళ్లకు ఎడ్లను కట్టుకోవడానికి లేచారు. ఒక్క బొట్టయినా పడలేదు.

వీధిలో అప్పటికే రెండిళ్లకు తాళాలు పడ్డాయి. రాజసభలో చమత్కారిగా పేరుపొందిన వల్లభన్న అక్కడికి వచ్చేసరికి, వీధిపెద్ద లింగాచారి తల ఊపే ఏనుగుబొమ్మను పొయ్యిలో పెడుతున్నాడు.

"ఆచారిగారూ, ఇదేమి పని?"

"మా తాత చెక్కినది, నాయనా. చూడు, కాలుతూ కూడా తల ఊపుతున్నది. గంజి కాగేదాకా సరిపోతుంది."

 వల్లభన్న తిన్నగా సభకు వెళ్లాడు.

"జయము మహారాజా! ఒక వర్తకుడు తమ బొమ్మనే కోరాడు. పటంలో ఉన్న కొలతకే కావాలట!"

మహారాజు మీసం దువ్వాడు. "రసజ్ఞుడు! ఇంకేమి కావాలట?"

"కొన్ని సందేహాలు, ప్రభూ. ఏ బొమ్మకైనా అడిగేవే. తాకితే తల ఊపుతుందా అన్నాడు."

"మా తల ఎవరి ముందూ ఊగదు!"

"త్రాడు కట్టి లాగితే దొర్లుతుందా అన్నాడు."

"మమ్ములను లాగేవాడెవడు?"

"పిల్లవాడు విసిరికొడితే పగలదు కదా అన్నాడు."

"ఓరీ! మహారాజంటే పిల్లలు ఆడుకొనే బొమ్మ అనుకొన్నాడా?" అంటూ రాజు సింహాసనం నుండి లేచాడు.

"నేనూ అలాగే గద్దించాను, ప్రభూ. ‘అయితే బొమ్మల పటంలో ఎందుకు నిలుచున్నారు?’ అని అడిగాడు. జవాబు తోచక తమ వద్దకు వచ్చాను."

మహారాజు ముఖం ఎర్రబడింది. "ఎవడా వర్తకుడు?"

"అతడింకా పుట్టలేదు, ప్రభూ. పుట్టినవారందరూ ఎడ్లను కట్టుకొంటున్నారు. బొమ్మలవీధిలో గంజి కాచడానికి బొమ్మలనే కాలుస్తున్నారు."

మహారాజు సిగ్గుతోనో, ఒప్పుకోలుతోనో మెల్లగా తల పంకించాడు.

"తల ఊగింది!" అన్నాడు వల్లభన్న చేతులు జోడించి. "ఇక బొమ్మ అమ్ముడుపోయినట్లే!"

మహారాజు పకపకా నవ్వాడు. వర్తకులు వెళ్లిపోకుండా నగరద్వారం మూయించి, వారికి విందు చేయించి, ఈలోగా పాత పద్ధతిలో పటం వ్రాయించమని ఆజ్ఞాపించాడు. మెడలోని ముత్యాలహారం తీసి వల్లభన్నకు ఇవ్వబోయాడు.

"హారం వద్దు, ప్రభూ. తాళాలు వేసుకొని పోయినవారిని వెదకించండి."

భటులు వెదికారు. ఒక ఇంటివారు తిరిగి వచ్చారు. రెండవ ఇంటి తాళం త్రుప్పు పట్టింది.

కొత్త పటంలోని ఏనుగును లింగాచారి పొయ్యిలో మిగిలిన సగం బొమ్మను చూపించి వ్రాయించాడు. మొదటి సున్నపుబొట్టు దానికే పడింది.