కొండదారిలో టకటక

మోటార్లు కొత్తగా దిగిన రోజుల్లో మేడిగూడెం జమీందారుకో కారుండేది. చదును దారిలో బాగానే పోయేది. కొండదారిలో యాక్సిలరేటరు తొక్కితే చాలు, లోపలెవరో సుత్తితో కొట్టినట్టు ఇంజను టకటకమనేది.

"డ్రైవరు పైడయ్య మొరటుగా తోలి ఇంజను పాడుచేశాడు. వీణ్ణి తీసెయ్యండి" అన్నాడు దివాను. పెట్రోలు కొట్టు తాళాలు ఆయన మొలకే వేలాడేవి.

పైడయ్య తలపాగా విప్పలేదు, చేతులు కట్టుకోలేదు. "తీసెయ్యండి దొరా. వెళ్లేముందు ఒక్కటి అడుగుతాను. దివాను గారి కారుకీ మన కొట్లో పెట్రోలే గదా?"

"అదే. నేనే దగ్గరుండి పోయిస్తాను" అన్నాడు దివాను.

"అయితే మన కారులోది తోడి ఆయన కారులో పోద్దాం. వాళ్ల డ్రైవరే కొండెక్కించనీండి. టకటకమనకపోతే తప్పు నాదే."

దివాను ఎగిరిపడ్డాడు. "వద్దు! నా ఇంజను పాడైపోతుంది!"

"తోలేది మీ మనిషే. మారేది పెట్రోలొక్కటే. మరి ఇంజనెలా పాడవుద్ది బాబూ?"

జమీందారు తన కారు ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. కిరసనాయిలు కంపు గుప్పుమంది. ఆయన దివాను ముందు చెయ్యి చాపాడు. "తాళాలు."

ఆ సాయంత్రం మంచి పెట్రోలు పోసుకుని కారు చప్పుడు లేకుండా కొండెక్కింది. తాళాలతోపాటు కారూ పోగొట్టుకున్న దివాను నడిచి ఎక్కాడు.