కొత్తనేల తొలియడుగు నోము కథ

పూర్వము శీతభానుడను ముని తృణపాద మహర్షిని సమీపించి, "స్వామీ! ఎరుగని నేలపై కాపురము పెట్టువారు పాములవలన చెడకుండుటకును, పాములు వారివలన చెడకుండుటకును నోమేదైనను కలదా?" అని యడిగెను. మహర్షి సంతసించి యిట్లు చెప్పెను.

కరవుసీమలో గురవన్న, సుంకులమ్మ అను దంపతులుండిరి. గంజికి గతిలేక, ఎద్దులజతతో, రెండు కుంచముల కొర్రవిత్తుతో బయలుదేరి యొక కొండవారను చేరిరి. సుంకులమ్మ తన పుట్టింటి ఆచారము చెప్పెను. కొత్తనేలలో మూడు పగళ్లు కొడవలి ముట్టక, కాలిచప్పుడు చేయుచు తిరుగవలెను. ఏ పురుగు, ఏ పాము ఎచ్చట కాపురమున్నదో చూచి, అచ్చట వేపమండ గ్రుచ్చి, ఆ తావు విడిచి దున్నవలెను.

గురవన్నకు తొందర యెక్కువ. "వానొస్తాంటే పురుగుల ఇండ్లు ఎతుక్కుంటా తిరిగేదా? పుట్టలో పాలు పోసినా గదా, సాల్లే!" అనెను. పుట్టనొక్కదానిని విడిచి, తక్కిన పొదలన్నిటికి నిప్పు పెట్టెను. పాలు పోసిన చేతితోనే! ఇట్టివానినేమనవలెను? జెర్రిపోతులు, ఉడుములు చచ్చినవి చావగా మిగిలినవి కొండ దాటిపోయెను. అంతట పట్టి తిను పాములు లేక ఎలుకలకు పండుగయ్యెను. చల్లిన కుంచెడు విత్తును చల్లినట్లే తినెను. చేసుకున్నవానికి చేసుకున్నంత. దంపతులు అడవిగడ్డలు త్రవ్వి బ్రదికిరి.

మరుసటి యేడు వాగు దాటి వేరొక నేల చేరిరి. మిగిలినది ఒక్క కుంచము. అదియు పోయినచో వారి పొయ్యి రాజదు. ఈసారి ఇరువురును వట్టిచేతులతో తిరిగిరి. రాళ్లగుట్టలో ఉడుము, బలుసుపొదలో జెర్రిపోతు, మడుగువద్ద తాబేళ్లు కనబడెను. మూడవనాడు నల్లరేగడి మెత్తగానున్నచోట రక్తపింజర చుట్టచుట్టుకొని బుసకొట్టెను. నేలంతటిలో మేలైన తావు అదియే! గురవన్న ప్రాణము ఉసూరుమనెను. అయినను వేపమండ అతడే గ్రుచ్చెను.

ఆ యేడు ఎలుక తలయెత్తలేదు. కొర్ర గాదె నిండ పండెను. అప్పుడు గురవన్న, "నోము తీరె గదా, ఇంక ఆ రేగడీ దున్నుదామా?" అనెను.

సుంకులమ్మ, "మన కడుపు నిండిందని వాటి ఇల్లు మనదైతాదా మామా?" అనెను.

గురవన్న సిగ్గుపడి ఎద్దులను మరల్చెను.

కావున కొత్త చేను కొన్నవారు, ఇల్లు కట్టువారు, బావి త్రవ్వువారు, కొండలలో తిరుగువారు ఈ నోము పట్టవలెను. పట్టినవారికి విషభయము తొలగును, గింజ నిలుచును, క్రిందు చూచి నడుచు బుద్ధి కలుగును. ఎల్ల నోములకును ఉద్యాపనము కలదు. దీనికి లేదు. విడిచిన తావును బిడ్డల కాలమునందును, వారి బిడ్డల కాలమునందును విడిచియుంచవలెను.