కట్టవాళ్ళూ మిట్టవాళ్ళూ

అనగనగా, చెప్పేవాళ్ళకు ఓపికా వినేవాళ్ళకు తీరికా ఉన్న కాలంలో, ఒక ఏటి ఒడ్డున రేవుపాడు అనే ఊరు ఉండేది. ఏరు మంచిదే. కానీ వానలు ముదిరాయంటే దానికి ఊళ్ళోకి రావాలని బుద్ధి పుట్టేది.

ఒక ఏడాది నీళ్ళు ఇళ్ళలోకి వచ్చి పోయాక, ఊరివాళ్ళు వెళ్ళి రాజుగారికి మొరపెట్టుకున్నారు. రాజుగారు అంతా విన్నాడు.

"ఏటి పొడవునా కట్ట పోయించమంటారా? లేక ఊరినే మిట్ట మీదికి ఎక్కించమంటారా? రెండూ చేయించే స్తోమత నాకు లేదు. మీలో మీరు మాట్లాడుకుని ఒక మాట చెప్పండి" అన్నాడు.

అక్కడే వచ్చింది చిక్కు. మాట్లాడుకోమంటే మనవాళ్ళు పోట్లాడుకున్నారు.

సగం ఊరు కట్టవాళ్ళయింది, సగం ఊరు మిట్టవాళ్ళయింది. కట్టవాళ్ళు గుమ్మానికి వేపరెమ్మ కట్టారు. మిట్టవాళ్ళు మామిడిరెమ్మ కట్టారు. కట్టవాళ్ళ పెళ్ళికి మిట్టవాళ్ళు వెళ్ళడం మానేశారు. మిట్టవాళ్ళ పులుసు నోట పెట్టలేమని కట్టవాళ్ళు మూతి తిప్పారు. నిన్నటిదాకా ఆ పులుసే జుర్రుకుని తిన్న మూతులు అవి!

ఆ ఊళ్ళో సింగరయ్య అనే ఆయన తాళ్ళు పేనుకుని బతికేవాడు. ఆయన బావమరిది ఓబన్న. రేవులో పడవను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు లాగే మోకు వాళ్ళిద్దరి చేతిదే. తాడు పేనడం ఒంటిచేతి పని కాదు. ఈ చివర ఒకరు కుడికి తిప్పితే, ఆ చివర ఒకరు ఎడమకు తిప్పాలి. అప్పుడే పురి ఎక్కుతుంది.

"సన్నబడుతోంది బావా, నార పెట్టు!" అని ఓబన్న అరిచేవాడు.

"నీ కళ్ళకు అన్నీ సన్నంగానే కనపడతాయి" అని విసుక్కుంటూనే సింగరయ్య ఇంకొంచెం నార పెట్టేవాడు.

సింగరయ్య భార్య రంగనాయకి, అంటే ఓబన్న అక్క, జబ్బు చేసి పోయింది. పిల్లలు లేరు. ఆమె పోయాక ఆ ఇద్దరికీ ఒకరికి ఒకరే మిగిలారు.

అలాంటిది, సింగరయ్య కట్టవాడయ్యాడు. ఓబన్న మిట్టవాడయ్యాడు. ఒకరోజు పని మధ్యలో మాటా మాటా పెరిగింది. "పిరికిగొడ్డువి" అన్నాడు ఈయన. "మొండిఘటానివి" అన్నాడు ఆయన. ఓబన్న చేతిలోని నార అక్కడే పడేసి వెళ్ళిపోయాడు. మరి రాలేదు.

సింగరయ్య ఆ చివరను ఒక గుంజకు కట్టి పేనడం మొదలుపెట్టాడు. గుంజ ఎదురు చెప్పదు, అది సుఖమే. ఎడమకు తిప్పదు కూడా. సగం పేనేసరికి పురి విడిపోయింది.

సాయంత్రమైతే కట్టవాళ్ళు ఆయన అరుగు మీదికి చేరేవాళ్ళు. ఆయన ఏమన్నా "ఔనౌను" అనేవాళ్ళు. ఒకరోజు చెమటలు ధారలు కట్టే ఉక్కపోతలో, ఊరికే చూద్దామని, "ఇవాళ చలిగా ఉంది కదూ" అన్నాడు సింగరయ్య. "ఔనౌను, వణుకొస్తోంది" అన్నారంతా. సింగరయ్యకు నవ్వు రాలేదు. అంతమంది మధ్య కూర్చుని కూడా, తనతో మాట్లాడేవాడు ఒక్కడూ లేడనిపించింది. వాళ్ళు వెళ్ళిపోయాక కంచంలో అన్నం పెట్టుకుని, ఎదురుగా ఓబన్న కూర్చునే ఖాళీ పీటను చూస్తూ, తినకుండానే చేయి కడుక్కున్నాడు. ఓబన్న ఇల్లు పక్క వీధిలోనే. అయినా ఆ వీధిలోకి కాళ్ళు రాలేదు.

గుంజతో పని కాక, పొరుగున ఉన్న గవరయ్యను సాయం పిలిచాడు. గవరయ్య పక్కా కట్టవాడు. చేతులు బాగానే తిప్పాడు. కానీ "ఎలా ఉంది?" అని ఎప్పుడడిగినా, "బ్రహ్మాండం మావా!" అన్నాడే తప్ప ఇంకో మాట అనలేదు. ఆ బ్రహ్మాండమైన మోకే రేవుకు వెళ్ళింది.

ఏటి నడుమ అది పుటుక్కున తెగింది. పడవ కొట్టుకుపోయి, అదృష్టం బాగుండి ఒక ఇసుకదిబ్బకు తగులుకుని ఆగింది. మనుషులు తడిసి, ఏడ్చి, బతికి బయటపడ్డారు.

ఊరు భగ్గుమంది. "మిట్టవాళ్ళే కోశారు" అని వీళ్ళు, "కట్టవాళ్ళు కావాలనే కుళ్ళిన మోకు కట్టారు" అని వాళ్ళు, కర్రలు తీసుకుని చావడి దగ్గరికి వచ్చారు. చావడి పెద్ద తిరుమలవ్వ లేచి నిలబడింది.

"కొట్టుకుందురుగాని, ఆగండి. మన చావడికి ఒక ఆనవాయితీ ఉండేది. ఎదుటివాణ్ణి కాదనాలంటే, ముందు వాడి మాట వాడికి అప్పజెప్పాలి. వాడు 'ఔను, నా మాట ఇదే' అనాలి. అప్పుడే మనం నోరెత్తాలి. మీరంతా వెక్కిరింపుగా అప్పజెప్పి నవ్వుకోవడం మరిగారు. అందుకే అది పాడైపోయింది. ఇవాళ మళ్ళీ చేద్దాం. ఎవరొస్తారు?"

సింగరయ్య ముందుకు వచ్చాడు.

"ఆ మోకును ఎవరూ కోయలేదు. నేనే సన్నగా పేనాను. సన్నబడిందని చెప్పేవాడు పక్కన లేడు" అన్నాడు.

"అయితే చెప్పేవాణ్ణి పిలుచుకో నాయనా."

"వాడు మిట్టవాడు అవ్వా."

"అయితే వాడి మాట అప్పజెప్పు. చూద్దాం."

ఓబన్న గుంపులో వెనకగా ఉన్నాడు. సింగరయ్య గొంతు సవరించుకున్నాడు.

"మా ఓబన్నకు నీళ్ళంటే భయం. అందుకే మిట్టెక్కుతానంటాడు."

కట్టవాళ్ళు నవ్వారు. ఓబన్న తల అడ్డంగా ఊపాడు. "అది నా మాట కాదు."

"మిట్ట మీద వాడికి చారెడు నేల ఉంది. ఊరు అక్కడికొస్తే ఆ నేలకు విలువొస్తుందని వాడి ఆశ."

ఈసారి కట్టవాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు. ఓబన్న కళ్ళు నేలకు దించుకున్నాడు. "అదీ నా మాట కాదు" అని, భుజం మీద తువ్వాలు సర్దుకుని వెళ్ళిపోబోయాడు.

ఆ వీపును చూడగానే సింగరయ్య గుండె జారింది. ఈసారి పోతే మళ్ళీ తిరిగి రాడు. ఏదో ఒకటి అప్పజెబుదామని వెతికాడు. ఏమీ దొరకలేదు. ఇన్నేళ్ళు ఒకే తాడుకు చెరో చివర నిలబడి కూడా, వాడి మాట ఏమిటో ఒక్కసారీ అడగలేదని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది.

"నాకు తెలీదురా ఓబన్నా" అన్నాడు. "నువ్వే చెప్పు. వింటాను."

ఎవరూ నవ్వలేదు. ఓబన్న ఆగాడు. వెనక్కి తిరిగి చెప్పాడు.

"మా అమ్మా నాయనా వరదలో పోయారని నీకు తెలుసు బావా. ఎలా పోయారో తెలీదు. మా పాత ఊరికి కట్ట ఉండేది. మా నాయనే దానికి కావలి. ఏరు పొంగిన రోజు జనం మూటలు కట్టుకుంటుంటే, 'కట్ట ఉంది, ఏం కాదు, వండుకుని తినండి' అని ఇంటింటికీ చెప్పొచ్చాడు. ఆయన మాట మీద వీధి వీధంతా కదల్లేదు. అందరి పొయ్యిల మీదా అన్నం ఉడుకుతుండగా కట్ట తెగింది. అక్క నన్ను ఎత్తుకుని పరిగెత్తింది. నాయన పరువు పోతుందని ఎక్కడా చెప్పొద్దంది. కట్ట కూలుతుందని కాదు బావా నా భయం. కట్టను చూసుకుని మనుషులు కదలరు."

సింగరయ్య ఆ మాటలను ఏదీ కలపకుండా, ఏదీ తీసేయకుండా అప్పజెప్పాడు.

"ఔను బావా" అన్నాడు ఓబన్న కళ్ళు తుడుచుకుంటూ. "నా మాట ఇదే. నీ మాట నాకూ తెలీదు. రేవు పక్కన నువ్వు తాళ్ళు పేనే పాక ఉందని కట్ట అడుగుతున్నావనుకున్నా. నువ్వూ చెప్పు."

"మిట్ట మీద చుక్క నీరు లేదురా. మీ అక్క మంచం పట్టాక నేనొక్కణ్ణే నీళ్ళు మోశాను. ఏరు పక్కనే ఉంది గనుక మోయగలిగాను. ఊరు మిట్టెక్కితే, ఒంటరి ముసలివాళ్ళకు ఎవరు మోస్తారు? దాహంతో ఉన్నవాడు కేకేస్తే ఎవరికి వినపడుతుంది?"

ఓబన్న అప్పజెప్పాడు. సింగరయ్య ఔనన్నాడు. గుంపులో ఒక ముసలమ్మ పైటచెంగు కళ్ళకు అద్దుకుంది. ఆమె గుమ్మానికి మామిడిరెమ్మ ఉంది.

ఆ రోజు చావడిలో ఏదీ తేలలేదు. కర్రలు మాత్రం లేవలేదు. మర్నాడు ఇంకో ఇద్దరు అప్పజెప్పుకున్నారు, ఆ మర్నాడు ఇంకొందరు. పోను పోను ఊరు మిట్టెక్కడానికే ఒప్పుకుంది. ఒంట్లో సత్తువ ఉన్న ప్రతివాళ్ళూ, లేనివాళ్ళ గడపలో ఒక కడవ నీళ్ళు దించాకే తమ ఇంటికి మోసుకోవాలని కూడా ఒప్పుకుంది. ఆ రెండో మాటను మిట్టవాళ్ళే పట్టుబట్టి పెట్టించారు. రాజుగారు సరేనన్నాడు.

సింగరయ్య మాట ఓడిపోయింది. అయినా ఆయన మనసు మారలేదు. మిట్ట మీది కొత్త ఇంటి ముందు కూర్చుని ఏటి వైపు చూస్తుంటే, రంగనాయకి తిరిగిన ఇల్లు కింద ఖాళీగా కనపడేది. ఆ దిగులు తీరేది కాదు.

ఒక పొద్దున ఓబన్న కడవ దించి, వగరుస్తూ పక్కన కూలబడ్డాడు. "ఇప్పటికీ కట్టే మంచిదంటావా బావా?"

"ఇప్పటికీ అంటాను."

"నేను కాదంటాను."

"అను" అన్నాడు సింగరయ్య, పక్కకు జరిగి చోటిస్తూ. "తీరిగ్గా కూర్చుని అను."

పిల్లలూ, ఎదుటివారి మాటను వారే ఔననేటట్టు చెప్పగలిగినవారికే, ఆ మాటను కాదనే అర్హత ఉంటుంది.